అన్నయ్య లోపలికి వెళ్లాడా? బైబిల్ కథలు చెప్పే తీరుపై కొన్ని ఆలోచనలు

సండే స్కూల్లో తప్పిపోయిన కుమారుడి కథ చెబుతున్నాను. చిన్నకొడుకు ఆస్తి పంచుకుని వెళ్లిపోవడం, అంతా పాడుచేసుకుని పందులు మేపడం, సిగ్గుతో తిరిగి రావడం, తండ్రి పరుగెత్తుకెళ్లి మెడ మీద పడి ముద్దుపెట్టుకోవడం. పిల్లలు కళ్లార్పకుండా వింటున్నారు. అలవాటు ప్రకారం "దీన్నిబట్టి మనం ఏం నేర్చుకున్నాం?" అని అడగబోతుంటే ఎనిమిదేళ్ల పాప చెయ్యెత్తింది.

"టీచర్, మరి అన్నయ్య లోపలికి వెళ్లాడా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చి లూకా సువార్త 15వ అధ్యాయం మళ్లీ తెరిచాను. తిరిగొచ్చిన తమ్ముడి కోసం ఇంట్లో విందు చేస్తున్నారని పెద్దకొడుకు కోపంతో బయటే ఆగిపోతాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు. అంతే, కథ అక్కడితో ఆగిపోతుంది. వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. అసలు ఆ కథ ఎవరి ముందు చెప్పాడో అధ్యాయం మొదట్లోనే ఉంది. ఈయన పాపుల్ని చేర్చుకుని వాళ్లతో కలిసి భోంచేస్తున్నాడేమిటని సణుక్కుంటున్న ఆనాటి మతపెద్దలు, అంటే పరిసయ్యులు, శాస్త్రులు అక్కడే ఉన్నారు. బయట నిలబడ్డ ఆ అన్నయ్య వాళ్లే. తలుపు వాళ్ల కోసమే తెరిచి ఉంది. ఆ తలుపును నేను ఏటా 'దేవుడు మనల్ని క్షమిస్తాడు' అనే ఒక్క వాక్యంతో మూసేస్తూ వచ్చాను.

బైబిల్ కథల్ని కొత్తగా చెప్పాలనగానే మనకు గుర్తొచ్చేవి బొమ్మలు, పప్పెట్లు, యాక్షన్ సాంగ్స్, ప్రొజెక్టర్ మీద కార్టూన్ వీడియోలు. వాటి మీద నాకు కోపమేమీ లేదు, అన్నీ వాడాను. కానీ కథ చివర మనం ముందే రాసిపెట్టుకున్న నీతివాక్యం ఒకటి ఉన్నంతకాలం ఈ హంగులన్నీ అక్కడిదాకా పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడానికే పనికొస్తాయి. రెండో ఏడాదికే పిల్లలు కథ వినడం మానేసి జవాబు ఊహించడం మొదలుపెడతారు. ఏం అడిగినా 'దేవుణ్ని ప్రేమించాలి', 'అబద్ధమాడకూడదు', 'అమ్మానాన్నల మాట వినాలి' అనే మూడింట్లో ఒకటి చెప్పేస్తారు. పెద్దలూ అంతే, కాకపోతే వాళ్లు పైకి అనరు. కథలో తాము నిలబడడానికి కాస్త చోటు దొరికినప్పుడే ఎవరైనా మనసుపెట్టి వింటారు. బొమ్మయినా, నాటకమైనా, ఇసుకైనా ఆ చోటు ఇచ్చిందా లేదా అని చూసుకోవాలి.

ఈ పద్ధతి గ్రంథంలోనే ఉంది. యెహోషువ 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెడతారు. రేపు పిల్లలు చూసి 'ఈ రాళ్లేమిటి?' అని అడగాలన్నదే వాటి పని. నిర్గమకాండం 12లో, ఐగుప్తు నుంచి విడుదలను తలచుకునే పస్కా పండుగ గురించీ ఇలాగే ఉంది, పిల్లలు అడిగినప్పుడు చెప్పండి అని. పస్కా భోజనం దగ్గర ఇంట్లో చిన్నవాళ్లు నాలుగు ప్రశ్నలు అడిగే ఆనవాయితీ యూదుల్లో నేటికీ ఉంది. ముందు కంటికి కనిపించేది, తర్వాత పిల్లల ప్రశ్న, ఆ తర్వాతే కథ. మన క్లాసులో వరుస తిరగబడింది. ముందు కథ, తర్వాత మన ప్రశ్న, వాళ్లు నోరు తెరిచేలోపే మన జవాబు.

పెద్దలకు కథ ఎలా చెప్పాలో నాతాను ప్రవక్తను చూసి నేర్చుకోవాలి. దావీదు రాజు తప్పు చేశాడు. ఊరియా భార్యను తెచ్చుకున్నాడు, ఊరియాను చంపించాడు. ప్రవక్త వచ్చి ఆ తప్పు ఊసే ఎత్తకుండా ఒక పేదవాడి గొర్రెపిల్ల గురించి చెబుతాడు. అది ఆ ఇంట్లో పిల్లలతోపాటు పెరిగింది, అతని గిన్నెలోది తాగింది, ఒడిలో పడుకుంది. రాజుకు చట్టం గుర్తుచేయడానికి ఇవేవీ అక్కర్లేదు. కానీ ఆ గొర్రెపిల్ల కళ్ల ముందు మెదిలాకే దావీదుకు కోపం పొంగింది, తీర్పు తన నోటితో తానే చెప్పాడు. ఆ తర్వాతే నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఇక యోనా గ్రంథమైతే ఏకంగా ప్రశ్నతోనే ముగుస్తుంది. కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా మనుషులు, బోలెడు పశువులు ఉన్న నీనెవె నగరం మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. యోనా జవాబు మనకు తెలియదు.

మరి మనకు ఈ బడి పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో 1780లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన బడితో సండే స్కూలు ఉద్యమం ఊపందుకుంది. వారంలో ఆరు రోజులు పనిచేసే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. ఆ రోజు వాళ్లకు చదవడం నేర్పాలి, అందుకు చేతిలో ఉన్న పుస్తకం బైబిల్. అది నిజంగా బడే, అక్షరాలు నేర్పిన బడి. ఎందరికో మేలు చేసింది. పిల్లలు మామూలు బడికి వెళ్లడం మొదలై, ఆ అవసరం తీరిపోయాక కూడా ప్రశ్న-జవాబు, కంఠత వాక్యం, బహుమతి అనే చట్రం మాత్రం మనతో ఉండిపోయింది. కంఠత వాక్యం వద్దని నేననను. చిన్నప్పుడు నేర్చుకున్న వాక్యం కష్టకాలంలో నోటికి రావడం నా అనుభవంలోనూ ఉంది. కాకపోతే అధ్యాయం, వచనం నంబర్లు టకటకా చెప్పే పిల్లాడికి ఆ మాట ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారో తెలియకపోతే బాధేస్తుంది.

అంతకు ముందు శతాబ్దాల్లో చదువు రాని జనం కథను కళ్లతో చూశారు, చేతులతో చేశారు. అసిసి ఫ్రాన్సిస్ 1223 క్రిస్మస్‌కు ఇటలీలోని గ్రెచ్చియోలో పశువుల తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి బేత్లెహేమును జనం ముందు నిలిపాడు. నాకు ఇంకా ఇష్టమైంది ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం నాటకాలు. సృష్టి నుంచి అంత్యతీర్పు దాకా నలభైకి పైగా చిన్న నాటకాలు, ఒకే రోజు, వీధుల్లో బళ్ల మీద. ఒక్కో కథ ఒక్కో వృత్తి సంఘానిది. నోవహు ఓడ కట్టే ఘట్టం ఓడలు కట్టేవాళ్లది. జలప్రళయం చేపలు పట్టేవాళ్లు, నావికులది. ప్రభురాత్రి భోజనం రొట్టెలు చేసేవాళ్లది. సిలువ వేసే ఘట్టం మేకులు, పిన్నులు చేసే పనివాళ్లకు ఇచ్చారు. ఆ ఘట్టంలో సైనికులు క్రూరంగా అరవరు. పనివాళ్లు పని గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు. కొయ్యకు వేసిన రంధ్రాలు దూరంగా పడ్డాయి, చెయ్యి అందడం లేదు, తాడు కట్టి లాగండి అనుకుంటారు. సిలువ బరువుగా ఉందని సణుగుతారు. రోజూ మేకులు చేసే మనిషి, తన వాళ్ల ముందు, తన పనిముట్లతో ఈ మాటలు అన్నప్పుడు అతని గుండెల్లో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి. నీతి చెప్పే మనిషి అవసరం అక్కడ లేదు.

పిల్లల దగ్గరికొస్తే, హీబ్రూ పండితురాలు సోఫియా కవలేటీ, మాంటిస్సోరి పద్ధతిలో పనిచేసిన జియానా గొబ్బీతో కలిసి 1954లో రోమ్‌లో మొదలుపెట్టిన పని నాకు దారి చూపింది. చెక్క గొర్రెలు, చెక్క కాపరి, చిన్న దొడ్డి. టీచర్ మంచి కాపరి ఉపమానం చదివి, వాటిని నెమ్మదిగా కదిపి, ఆ వస్తువుల్ని పిల్లలకే వదిలేస్తుంది. కవలేటీ దగ్గర నేర్చుకున్న అమెరికన్ మతగురువు జెరోమ్ బెరిమన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఆయన పద్ధతిలో కథ అయ్యాక పరీక్ష ప్రశ్నలు ఉండవు. ఏ భాగం మీకు బాగా నచ్చింది? ఏది అన్నిటికన్నా ముఖ్యం? ఇందులో మీ గురించిన భాగం ఏది? ఏదైనా తీసేసినా కథ మిగులుతుందా? టీచర్‌కూ వీటికి ముందే తెలిసిన జవాబు ఉండదు.

నేను చేసేది చాలా సాదా. వెడల్పాటి పెట్టెలో ఇసుక, నాలుగు చెక్క బొమ్మలు, కొన్ని రాళ్లు. అబ్రాహాము, శారా 'ఊరు' అనే పట్టణం నుంచి బయల్దేరతారు. బొమ్మలు కదిలిన చోటల్లా ఇసుకలో అడుగుల జాడ పడుతుంది. హారానులో ఆగుతారు. షెకెములో ఒక రాయి, బేతేలు దగ్గర ఇంకో రాయి, బలిపీఠాలకు గుర్తుగా. నేను పిల్లల ముఖాల వంక చూడను, ఇసుకనే చూస్తాను. నేను ఎటు చూస్తే వాళ్లూ అటే చూస్తారు. కథ అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడను. మొదట్లో ఆ అర నిమిషం మౌనానికే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఒకసారి ఒక అబ్బాయి వేలు పెట్టి ఆ జాడ వెంటే వెనక్కి ఊరు పట్టణం దాకా వెళ్లి, "వాళ్లు ఇంటి మీద బెంగ పెట్టుకోలేదా?" అన్నాడు. ఆదికాండం 12 మీద నేను విన్న ప్రసంగాల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

పెద్దలకు ఇసుక పెట్టె ఇబ్బందిగా ఉండొచ్చు. వాళ్లకు కాగితం, పెన్ను ఇవ్వండి. మత్తయి 18లో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి. లెక్క వేయమనండి. 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. "నాయందు ఓర్చుకో, మొత్తం తీరుస్తాను" అని ఆ దాసుడు అన్న మాట అప్పుడు వేరేలా వినిపిస్తుంది. రాజు ఆ బాకీ మాఫీ చేస్తాడు, ఆ దాసుడు మాత్రం తన బాకీదారుణ్ని వదలడు. ఆ తోటి దాసుడు అతనికి ఇవ్వాల్సింది నూరు దేనారాలు, అంటే మూడు నెలలకు పైగా కూలి. అది చిన్న మొత్తమని ప్రసంగాల్లో అంటుంటాం గానీ, కూలి మీద బతికేవాడికి అది చిన్నదేమీ కాదు. మనకు జరిగిన నష్టం నిజంగానే పెద్దది, అయినా యేసు క్షమించమంటున్నాడు. లెక్క వేసినవాళ్లు ఈ మెలిక దగ్గర తమంతట తామే ఆగుతారు.

కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా 1548లో అచ్చయిన తన ధ్యాన పుస్తకంలో క్రీస్తు జననం గురించి ధ్యానించేవారిని నజరేతు నుంచి బేత్లెహేముకు దారి ఊహించుకోమంటాడు. ఎంత పొడవు, ఎంత వెడల్పు, చదునుగా ఉందా, లోయల గుండా వెళ్తోందా? అదే పని మంచి సమరయుడి కథతో చేయొచ్చు. 'యెరికో పట్టణమునకు దిగి వెళ్లుచు' అనే మాటలో ఆ 'దిగి' దగ్గర ఆగండి. 25 కిలోమీటర్లకు పైగా దారి, యెరూషలేము కొండల నుంచి సముద్రమట్టం కంటే లోతున ఉన్న యెరికో దాకా దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, చుట్టూ రాళ్లు, మలుపులు. ఆ దారిలో మీరు ఒంటరిగా నడుస్తూ, దెబ్బలు తిన్న మనిషిని చూస్తే మీ కాళ్లు ఆగుతాయా, వేగంగా పడతాయా? ఆ మనిషిని చూసీ పక్కగా వెళ్లిపోయిన యాజకుడి మీద తీర్పు చెప్పడం అప్పుడంత సులువు కాదు.

తప్పిపోయిన కుమారుడి కథ పెద్దల బైబిల్ స్టడీలోనూ చెప్పాను. గుమ్మం దగ్గర ఒక కుర్చీ వేసి, అది పెద్దకొడుకు కుర్చీ అన్నాను. ఎవరైనా కూర్చుని తండ్రితో ఏమంటారో చెప్పొచ్చు, బలవంతమేం లేదు. చాలాసేపటికి అరవై దాటిన ఒకాయన లేచి వెళ్లి కూర్చున్నారు. "ఇన్నేళ్లూ నేను ఎక్కడికీ పోలేదు నాన్నా. అందుకే నన్ను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు" అన్నారు. గదిలో ఎవరూ కదల్లేదు. నేను 28వ వచనం తీసి చదివాను: "అతని తండ్రి వెలుపలికి వచ్చి". ఆయన ఇంకోసారి చదవమన్నారు.

ఇక్కడ ఒక భయం కూడా చెప్పాలి. కథకు ఇంత బలం ఉందంటే తప్పుగా చెప్పిన కథకూ అంతే బలం ఉంటుంది. జర్మనీలోని ఒబెరామర్‌గావ్ గ్రామం 1633లో ప్లేగు నుంచి కాపాడమని మొక్కుకుని, మరుసటి ఏడాది నుంచి క్రీస్తు శ్రమల నాటకం ఆడుతోంది. ఇప్పుడు పదేళ్లకోసారి ఊరు ఊరంతా కలిసి ఆడతారు. ఎంతో భక్తితో చేసిన ఆ నాటకంలోనే యూదుల్ని దుర్మార్గులుగా చూపించే మాటలు, వేషాలు తరతరాలుగా కొనసాగాయి. 1934లో హిట్లర్ వచ్చి చూశాడు. 1990 నుంచి దర్శకుడు క్రిస్టియన్ ష్టూకల్ నాటకాన్ని బాగా మార్చాడు, యేసు యూదుడేనని స్పష్టంగా కనిపించేలా చేశాడు. మనం పిల్లలతో వేయించే చిన్న స్కిట్‌లో కూడా ఎవరికి నల్ల బట్టలు వేస్తున్నాం, ఎవరిని చూసి నవ్విస్తున్నాం అన్నది చూసుకోవాలి. నోవహు కథను రంగురంగుల జంతువుల బొమ్మగా మార్చేయడం కూడా నాకు నచ్చదు. ఓడ బయట మిగిలినవాళ్ల గురించి పిల్లలు ఎలాగూ అడుగుతారు. మరీ చిన్నవాళ్లకు ఆ కథ కొన్నాళ్లు ఆగి చెప్పినా ఫర్వాలేదు. చెప్పినప్పుడు మాత్రం బరువు తగ్గించి చెప్పకూడదు.

ఊహకు హద్దు ఉండాలి కాబట్టి నేను పెద్ద పిల్లలతో ఒక ఆట ఆడిస్తాను. క్రిస్మస్ నాటకంలో ఉండేవన్నీ బోర్డు మీద రాయమంటాను. గాడిద, సత్రం యజమాని, ముగ్గురు జ్ఞానులు, ఒంటెలు, పశువుల తొట్టి, ఎద్దు, నక్షత్రం. తర్వాత మత్తయి, లూకా మొదటి రెండేసి అధ్యాయాలు తీసి, గ్రంథంలో ఉన్నదేది, మనం కలిపిందేది వెతకమంటాను. తొట్టి దొరుకుతుంది, పశువులు దొరకవు. సత్రం దొరుకుతుంది, యజమాని దొరకడు. జ్ఞానులు దొరుకుతారు, ఎంతమందో రాసి ఉండదు. "టీచర్, గాడిద నిజంగానే లేదు!" అని ఒకరు అరుస్తారు. నమ్మని పక్కవాళ్లు మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెడతారు, ఈసారి వేలు పెట్టి ఒక్కో మాటా చూసుకుంటూ.