నిరభ్యంతర పత్రం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నిరభ్యంతర పత్రం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారూ, దాని కింద కాపురం పెట్టిన పిల్లీ అందరమూ క్షేమం. తమరు అక్కడ పొరుగు రాష్ట్రంలో ఏ బీరువాలోనో, ఏ ఫైలు కిందనో సుఖంగా ఉన్నారని తలుస్తాను. తమరు ఇంకా పుట్టలేదని ఒక కార్యాలయం, పుట్టినట్టే లెక్క అని మరో కార్యాలయం చెబుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం ఏ చిరునామాకు వేయాలో తెలియలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. నలుగురిలో ఒకరైనా తమరికి చేరవేయకపోతారా అని ఆశ.

తమరిని ఇంటి పేరుతో పిలిచేవారు తక్కువ. లోకమంతా ఎన్‌వోసీ అంటుంది. ఒక రాష్ట్రపు బండిని మరో రాష్ట్రంలో రిజిస్టరు చేయించుకోవాలంటే, పాత రాష్ట్రం తరఫున ‘మాకు అభ్యంతరం లేదు’ అనే మూడు మాటలు చెప్పడానికి పుట్టిన కాగితం మీరు. మా ఇళ్లలో పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఇంత మాట పెద్దవాళ్లు ఒక్క తల ఊపుతో తేల్చేస్తారు. పైగా అక్కడ ఇచ్చేది కన్నబిడ్డను. మీ దగ్గర అడిగింది అరవై ఏళ్ల కారును, అదీ ఆ రాష్ట్రానికి ఏ పనికీ రానిదాన్ని.

కారు సంగతి రెండు ముక్కల్లో మనవి చేసుకోవాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డుగా పుట్టి, 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైన బండి ఇది. గీసినవాడు మికెలోటి అనే ఇటలీ దేశస్థుడు. దీని బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది, మొసలి నోరు తెరిచినట్టు. ముందు టైరు మీద కూర్చుని, కాలు మీద కాలేసుకుని ఇంజను బాగు చేసుకోవచ్చు. అన్నిటికంటే గొప్ప విషయం, ఇది ఇరవై ఐదు అడుగుల జాగాలో గుండ్రంగా తిరిగేస్తుంది. ఆ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

దీన్ని పొరుగు రాష్ట్రంలో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర కొన్నాను. వాళ్ల నాన్నగారు కొన్న కారు, తరువాత ఆయన పేరు మీదకు మారింది. బేరం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తరువాత ఆయన భార్య కారుకు బొట్టు పెట్టి, కళ్లు తుడుచుకుని, ‘బాబూ, ఎండలో పెట్టకు’ అన్నారు. లారీ ఎక్కించి ఇంటికి తెచ్చాను. కష్టమైన భాగం అయిపోయిందనుకున్నాను. అప్పటికి తమరి పరిచయభాగ్యం కలగలేదు.

మీరు అవతరించాలంటే ముందు ఫారం 28 నింపాలి. దానికి చాసిస్ నంబరు, అంటే బండి చట్రం మీద చెక్కిన నంబరు, పెన్సిల్ ముద్ర అంటించాలి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దేవాళ్లం కదా, అదే పని. ఈ వయసులో ప్రభుత్వం నా చేత ఆ ఆట మళ్లీ ఆడించినందుకు కృతజ్ఞుణ్ణి. కాకపోతే నంబరు మీద అరవై ఏళ్లలో ఎవరెవరో వేసిన రంగులు పొరలు పొరలుగా పేరుకున్నాయి. పైన తెలుపు, దాని కింద నీలం, ఇంకా కింద ఏదో పచ్చడి రంగు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పాత టూత్ బ్రష్షుతో తోమి, పల్చని కాగితం పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. నల్లటి మసకలోంచి ఒక్కొక్క అంకె తెల్లగా పైకి తేలుతుంటే ఫోటోలు కడిగే చీకటి గదిలో ఉన్నట్టు అనిపించింది. చివరి అంకె దగ్గర ఊపిరి ఆగింది. ఆర్‌సీ పుస్తకంలో సిరా చేతిరాతతో ఉన్నది 8. కాగితం మీద తేలింది 3.

ఇంకో కాగితం, ఇంకోసారి తోమడం. ఎడమ పక్క వంపులో నీలం రంగు ఇరుక్కుని ఉంది. గుండుసూదితో గీకాను. 8 అయింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం పిల్లవాడు పుట్టినప్పుడు కూడా కలగలేదని మా ఇంట్లో అనకూడదు, తమరితో అంటున్నాను. ఆ ముద్రను ప్లాస్టిక్ కవరులో పెట్టి, రాష్ట్రం దాటి తీసుకెళ్లి కిటికీలో ఇచ్చాను. గుమాస్తా గారు దాన్ని దరఖాస్తుకు జోడించి స్టేప్లర్ కొట్టారు, సరిగ్గా ఆ 8 మీద.

తరువాత మాస్టారి సంతకం కుదరలేదన్నారు. ఆర్‌సీ ఆయన పేరు మీదకు మారినప్పుడు ఆయనకు ముప్పై ఏళ్లు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది. సంతకం ముసలిదవుతుందని ఫారంలో ఎక్కడా రాయలేదు. పాపం ఆయన ఇంట్లో కూర్చుని తన పాత సంతకాన్ని తానే చూసి రాస్తూ రెండు పేజీలు సాధన చేశారు. ఒక మనిషి తన సంతకాన్ని తానే ఫోర్జరీ చేయడం నేను మొదటిసారి చూశాను.

ఇక పోలీసు నివేదిక. బండి దొంగతనం కేసులో లేదని పోలీసులు రాసిస్తే తప్ప మీరు బయటికి రారని చట్టమే చెప్పింది. న్యాయమైన మాటే, దొంగ బండ్లు ఇలాగే రాష్ట్రాలు దాటుతాయి. కాని ఈ కారును ఎవడైనా దొంగిలిస్తే మర్నాడు తెచ్చి అప్పగించి, తోసినందుకు కూలీ అడుగుతాడు. నివేదిక వచ్చింది. పన్ను బాకీ లేదన్న మాటా వచ్చింది. మీరు మాత్రం రాలేదు.

ఇంతలో మా పక్కింటాయన (ప్రతి వీధిలో ఇలాంటివారు ఒకరుంటారు, చట్టాలు చదివి దాచుకుంటారు) ఒక సాయంత్రం మోటారు వాహనాల చట్టం, 1988 పట్టుకుని వచ్చారు. 48వ సెక్షను చూపించారు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇస్తామనో ఇవ్వమనో చెప్పాలి. ఇవ్వమంటే కారణం రాతపూర్వకంగా ఉండాలి. ఏ సంగతీ చెప్పకపోతే ఇచ్చినట్టే భావించాలి. నేను మూడుసార్లు చదివాను. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు సగమే అన్నారు, పార్లమెంటు దాన్ని పూర్తి అంగీకారం చేసింది! అప్పటికి నా దరఖాస్తు పెట్టి 74 రోజులు. అంటే మీరు 44 రోజుల క్రితమే పుట్టారు. నేను బారసాల చేయలేదు, అంతే.

మర్నాడే మా ఊరి కార్యాలయానికి వెళ్లాను. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు, నిరాకరణ ఏదీ రాలేదని నా డిక్లరేషను చేతిలో ఉన్నాయి. పత్రం లేకపోతే ఈ రెండూ చాలునని కూడా అదే చట్టంలో, 47వ సెక్షనులో ఉంది. అక్కడి ఉద్యోగి మంచివాడు. కూర్చోబెట్టాడు, సెక్షను శ్రద్ధగా చదివాడు, చదివి నిజంగా ఆశ్చర్యపోయాడు. ‘కరెక్టే సార్. చట్టం మీ వైపే ఉంది. కాని సిస్టమ్‌లో ఎన్‌వోసీ నంబరు కొట్టనిదే తరువాతి పేజీ తెరుచుకోదు’ అన్నాడు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించాడు కూడా. ఎర్ర నక్షత్రం గుర్తుతో ఖాళీ గడి, అందులో కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. భావించిన పత్రానికి నంబరు ఉండదు కదా. నేను కూడా భావించిన నంబరు ఒకటి వేయమన్నాను. నవ్వాడు.

సరే, పుట్టినచోటే నంబరు అడుగుదామని మళ్లీ పొరుగు రాష్ట్రానికి వెళ్లాను. ఇక్కడే తమరి మహిమ పూర్తిగా అర్థమైంది. సెక్షను చూపించగానే అక్కడి పెద్దాయన ముఖం వికసించింది. ‘చూశారా! 30 రోజులు దాటితే ఇచ్చినట్టే. ఇచ్చేసినదాన్ని మళ్లీ ఎలా ఇస్తాం?’ అన్నారు. వాదన మధ్యలో టీ కూడా తెప్పించారు. తాగాను. ఇంకేం చేయను?

అయ్యా, అభ్యంతరం లేనిది ఎవరికి? మాస్టారికి లేదు, ఆయన భార్యకు లేదు, పోలీసులకు లేదు, పన్నుల శాఖకు లేదు, చట్టానికి అసలే లేదు. ఉన్నదల్లా ఒక ఖాళీ గడికి.

ఈ గొడవంతా ఎందుకు, వింటేజ్ కింద పెట్టుకో అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. 2021లో వాటికి వేరే నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారయితే చాలు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, ఇదివరకే ఉన్నదాన్ని తిరిగి చేయించడానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా నంబరు తీసుకుంటే మధ్యలో ‘వీఏ’ అనే రెండక్షరాల బిరుదు కూడా. కాకపోతే రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రమే వెళ్లాలి. చదివి నాకు గర్వం కలిగింది. నా హెరాల్డ్ ఎవరూ చెప్పకుండానే ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తోంది. మెకానిక్ షెడ్డుకు తప్ప అది ఎక్కడికి వెళ్లనన్నది?

అయినా నాకు బిరుదు వద్దు. వారానికొకసారి మా అమ్మను గుడికి తీసుకెళ్లి, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకునే కారు కావాలి. కొత్తిమీర కట్ట వెనక సీట్లో పెడితే అది సాంకేతిక పరిశోధన అవుతుందా, రోజువారీ పని అవుతుందా అని చెకింగ్ దగ్గర వాదించే ఓపిక నాకు లేదు.

నిజం చెప్పాలంటే తమరి మీద నాకు కోపం కూడా పోయింది. మొదట్లో తిట్టుకున్నాను. తరువాత అలవాటైంది. ఇప్పుడు ఇంటికి పోస్ట్‌మాన్ వస్తే కారు కింది పిల్లి కూడా తల ఎత్తి చూస్తుంది. నిన్న మాస్టారు ఫోను చేసి, ‘కాగితం వచ్చిందా?’ అని అడిగారు. లేదన్నాను. ‘కారు నడుస్తోందా?’ అన్నారు. నడుస్తోందన్నాను. అబద్ధం కాదు. మా పెరట్లో తులసికోట చుట్టూ జాగా ముప్పై అడుగులుంది, కారుకు కావలసింది ఇరవై ఐదు. సొంత ప్రాంగణంలో తిరగడానికి తమరి అనుమతి అక్కర్లేదని పక్కింటాయన పుస్తకం చూసి మరీ తేల్చారు. ప్రతి ఆదివారం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ప్రదక్షిణలు చేయిస్తున్నాను. గుడి దాకా వెళ్లే శ్రమ తప్పిందని ఆవిడ సంతోషిస్తోంది. గత వారం పదకొండు చేశాం. నూటఎనిమిది చేస్తే ఏ దేవుడైనా కరుణిస్తాడని ఆవిడ నమ్మకం, రేడియేటరు అంతవరకు తట్టుకుంటుందా అన్నది నా సందేహం.

ఇట్లు,
తమరి రాకకై ఎదురుచూసే,
హెరాల్డ్ యజమానిగా భావించబడుతున్నవాడు

తా.క.: బయలుదేరేటప్పుడు ఆ 8 మీది స్టేపుల్ పిన్నును ఎవరి చేతనైనా తీయించండి. ఇక్కడి గుమాస్తా అద్దాలు పెట్టుకోడు, 3 అని చదివితే మళ్లీ మొదటికొస్తాం.