పాతబడింది నిజమే, కానీ...

అమెరికాలో స్థిరపడ్డ చైనీయుల కథ చెప్పే హాలీవుడ్ పాటల సినిమా 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' (1961) ఇవాళ చూడదగ్గది కాదని మీ వ్యాసంలో తేల్చేశారు. సగం ఒప్పుకుంటానండీ. ఆడపిల్లగా పుట్టడం ఎంత హాయో అంటూ అద్దాల ముందు నటి నాన్సీ క్వాన్ మురిసిపోయే పాట ఇప్పుడు ఇబ్బందిగానే ఉంటుంది. పైగా చైనా కుటుంబమన్నారు గానీ కథానాయిక మేయ్ లీగా వేసిన మియోషి ఉమెకి జపాన్ మనిషి, మేడమ్ లియాంగ్‌గా వేసిన హువానిటా హాల్ నల్లజాతి నటి.

కానీ అసలు సంగతి వదిలేశారు. మేయ్ లీ, ఆమె తండ్రి ఓడలో దాక్కుని శాన్‌ఫ్రాన్సిస్కో ఎందుకొచ్చారు? చైనీయుల రాకపై నిషేధాన్ని అమెరికా 1943లో ఎత్తేసినా, కోటా మాత్రం ఏడాదికి 105 మందికే! సినిమా వచ్చేనాటికీ దాదాపు అదే పరిస్థితి. చివర్లో పెళ్లిపీటల దగ్గర ఆ పిల్ల 'నేను దొంగతనంగా వచ్చాను, కాబట్టి ఈ పెళ్లి ఒప్పందం చెల్లదు' అని అందరి ముందూ చెప్పేసి, ఇష్టంలేని సంబంధం తనే తప్పించుకుంటుంది. నవ్విస్తూనే చట్టాన్ని ఎలా వాడుకున్నారో చూడండి. ఆ ఒక్క సీన్ కోసమైనా చూడొచ్చు.

అన్నట్టు, బ్యాంకుని నమ్మని కథానాయకుడి తండ్రి అచ్చం మా తాతయ్యే. ఎక్కువమంది ఆసియా మూలాలున్న నటులతో, ఆసియా అమెరికన్ల కథతో పెద్ద హాలీవుడ్ సినిమా మళ్లీ రావడానికి 1993లో 'ది జాయ్ లక్ క్లబ్' దాకా ఆగాల్సొచ్చింది మరి.