మడత లేదు, మరక లేదు.. మరి 64 ఎందుకొచ్చింది?

ఫెళఫెళలాడే నోటు, కట్టలోంచి తీసింది తీసినట్టే కవర్లో పెట్టి ఎండ తగలకుండా, చెమట చెయ్యి తగలకుండా ఏళ్ల తరబడి దాచి చివరికి గ్రేడింగ్‌కి, అంటే నోటు ఎంత బాగుందో చూసి 70కి మార్కులేసే కంపెనీకి పంపిస్తే 64 వచ్చింది. కనీసం 66 అనుకున్నా. ట్యూబ్‌లైట్ కింద తిప్పి తిప్పి చూశా, భూతద్దం పెట్టి చూశా, మడత ఎక్కడా లేదు. తర్వాత తెలిసినాయన ఒకరు ఆ హోల్డర్ (వాళ్లు మార్కు రాసి నోటుని పెట్టిచ్చే ప్లాస్టిక్ కవర్) చేతిలోకి తీసుకుని ఇలా చూసి అలా ఇచ్చేస్తూ "కింద మార్జిన్ చూశావా" అన్నాడు. పైన తెల్ల అంచు దండిగా ఉంది, కింద దారమంతే మిగిలింది. సెంటరింగ్ దెబ్బ, అంటే బొమ్మ కాగితం మధ్యలో పడలేదన్నమాట.

విషయం సింపులే. నోట్లు ఒక్కోటిగా ప్రింట్ అవ్వవు, పెద్ద షీట్ మీద పడతాయి. అమెరికా డాలర్లయితే 32 నోట్ల షీట్, ఈమధ్య 50 నోట్ల షీట్ కూడా. అలాంటి షీట్లు దొంతరగా పేర్చి ఒకేసారి కోస్తారు, బ్లేడ్ కాస్త పక్కకి పడిందంటే ఆ దొంతర మొత్తం అదే వంకర, అందుకే వరస నంబర్ల కట్ట కొంటే ఒకటి బాగుంటే అన్నీ బాగుంటాయి, ఒకటి పోతే అన్నీ పోతాయి. పాత రోజుల్లో ఇంకా కష్టం. 1957లో డ్రై ప్రింటింగ్ మొదలయ్యేదాకా అక్కడ కాగితం తడిపి ప్రింట్ చేసేవాళ్లు, ఆరాక కాగితం ముడుచుకుంటుంది, అదీ అంతటా ఒకేలా కాదు. ఇక అక్కడి బ్యాంకులు తమ పేరు మీద ఇచ్చిన, 1863 నుంచి 1935 దాకా నడిచిన నేషనల్ బ్యాంక్ నోట్లయితే షీట్లుగానే ఊళ్లలో బ్యాంకులకి వెళ్లేవి, అక్కడ సంతకాలయ్యాక క్యాషియరో ఎవరో కత్తెర పట్టుకుని కోసేవాళ్లు. ఆయన చెయ్యి ఆ రోజు ఎలా ఉందో దాని మీద ఇవాళ్టి ధర ఆధారపడుతుందన్నమాట!

ఇప్పుడు స్కేల్ సంగతి. నోట్లు గ్రేడ్ చేసే కంపెనీ పీఎంజీ వాడేది 70 పాయింట్ల స్కేల్, నాణేల నుంచి అరువు తెచ్చుకున్నదే. 70 రావాలంటే మార్జిన్లు మామూలు కంటికి సరిగ్గా మధ్యలో కనపడాలి. 65, 66కి సెంటరింగ్ సగటు కంటే మెరుగ్గా ఉండాలంటారు. 64 అంటే ఒకటో రెండో వైపుల పక్కకి జరిగినా పర్లేదు, 61కి వచ్చేసరికి మార్జిన్ డిజైన్‌లోకే వచ్చేసినా నడుస్తుంది. ఇన్ని మిల్లీమీటర్లు అని ఎక్కడా ఉండదు, అంతా మాటల్లోనే, ఆ సగటు ఏంటో తేల్చేది గ్రేడర్ కన్నే.

నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. ఒకే నంబర్లో రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. నోటుని మనం ఎలా కాపాడాం అనేది ఒకటి, అది ప్రెస్సులో ఎలా పుట్టింది అనేది ఇంకోటి. 64 అని రాసుంటే అది చక్కగా మధ్యలో ఉండి లెక్కపెట్టినప్పుడు కాస్త నలిగిన నోటా, లేక అసలు చెయ్యే తగలని వంకర నోటా? నంబర్ చూసి చెప్పలేం. ఇంకా విచిత్రం, బొమ్మలా నాలుగు వైపులా సమానంగా ఉన్న నోటుకి ఒక్క లేత మడత పడితే 58కి దిగిపోతుంది, అంచు డిజైన్‌లోకి దూసుకొచ్చిన వంకర నోటేమో మడత లేదు కాబట్టి 61తో దానిపైన కూర్చుంటుంది. కళ్లకి ఏది బాగుందో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.

మన పాత నోట్ల సంగతి చూడండి. 2001లో రిజర్వ్ బ్యాంక్ ఆపమనే దాకా కట్టలకి పిన్నులు కొట్టేవాళ్లు కదా, ఆ చిల్లులున్న నోటు వెళ్తే ఇవి ఇష్యూ అయినప్పటివే అని హోల్డర్ మీద ఒక కామెంట్ రాస్తారు, కొనేవాడికి విషయం తెలుస్తుంది. సెంటరింగ్ కూడా పుట్టుకతో వచ్చిందేగా, దానికి మాత్రం ఆ మాట ఉండదు, నంబర్లో కలిపి మింగేస్తారు. క్రికెట్, బేస్‌బాల్ కార్డులు గ్రేడ్ చేసే బెకెట్ వాళ్లు సెంటరింగ్, మూలలు, అంచులు, సర్ఫేస్ అని నాలుగు మార్కులు విడివిడిగా ఇస్తారు. నోట్లకీ అలా ఇవ్వడానికి ఏం అడ్డమో నాకైతే అర్థం కాదు.

ముందువైపు చూసి వదిలేయకండి, వెనక కూడా చూడాలి. డాలర్‌కి ముందు వెనకవైపు ప్రింట్ చేసి ఆరాక ముందువైపు వేస్తారు కాబట్టి ఒకవైపు అద్దంలా ఉండి రెండోవైపు జారిపోయినవి బోలెడు. రెండు వైపులా కుదరడం అంటే ఏంటో తెలియాలంటే జేబులో 500 నోటు వెలుతురుకి పట్టి చూడండి, అటు సగం ఇటు సగం కలిసి అంకె పూర్తిగా కనపడుతుంది.

ఇదంతా తెలిసాక కొందరు తెలివిగా పెద్ద మార్జిన్ కోసి సమానం చేస్తారు. దయచేసి చెయ్యకండి, చిన్న సైజు డాలర్ 156 బై 66 మిల్లీమీటర్లు, కొలిస్తే దొరికిపోతుంది, అప్పుడు 64 కూడా పోయి ట్రిమ్ చేసిన నోటు అనే ముద్ర మిగులుతుంది. అదే కటింగ్ ఘోరంగా తప్పి పక్క నోటు ముక్క కూడా ఇందులో కనపడిందనుకోండి, అది ఎర్రర్ నోటు, జనం ఎగబడి కొంటారు. కొంచెం తప్పితే తప్పు, బాగా తప్పితే అదృష్టం. 786 నంబర్ కోసం వచ్చేవాళ్ల గోల వేరు, వాళ్లు మార్జిన్ వైపు కన్నెత్తి కూడా చూడరు.

ఆ 64ని నేను అమ్మలేదు. దాని పక్కనే మొన్న కొన్న 58 ఒకటి పెట్టా, మధ్యలో లేత మడత, నాలుగు అంచులూ సమానం. ఇంటికొచ్చినవాళ్లకి నంబర్లు కనపడకుండా రెండూ చూపిస్తే అందరూ 58నే చేతిలోకి తీసుకుంటున్నారు.