నాలుగు వేళ్ళ ఎడం

నిన్న రాత్రి కడపలో అంగడి కట్టేసి, బండి ఎక్కడో నిలబెట్టి, వుజూ చేసుకుని, అంటే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుని, రాత్రి చదివే ఇషా నమాజుకి లోపలికి ఉరికేసరికి ఇమాం సాబ్ "సఫ్‌లు సరిచేసుకోండి, మధ్యలో ఖాళీ వదలొద్దండి" అంటున్నారు. సఫ్ అంటే వరస. ఒక్కచోటే ఖాళీ ఉంది. ఎడమ పక్క మా వీధి చిచ్చా, కుడి పక్క సౌదీ నుంచి సెలవుకొచ్చిన కుర్రాడు.

చిచ్చా ఇమామూ కాదు, అజాన్ పిలిచే మౌజనూ కాదు, కమిటీలోనూ లేడు. అయినా ఎవరి కాలు ఎక్కడుందో చూడటం ఆయన డ్యూటీ. నిలబడినప్పుడు రెండు పాదాల మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండాలని మా హనఫీ పద్ధతి వాళ్ళు చెప్పేదే. దానికి వంగి, నా కాళ్ళ మధ్య చెయ్యి పెట్టి కొలవాలా? "ఐదయింది బేటా" అన్నాడు. ఆయన వేళ్ళు సన్నమైతే నేనేం చేసేది? జరుపుకున్నాను.

తక్బీర్ అయింది, అంటే "అల్లాహు అక్బర్" అని నమాజు మొదలైంది. నేను బొడ్డు కింద చేతులు కట్టాను, కుర్రాడు ఛాతీ మీద కట్టాడు. అంతవరకు ఎవరి దారి వారిది. అప్పుడొచ్చింది అతని కాలి చిటికెన వేలు. భుజానికి భుజం, పాదానికి పాదం ఆనించాలన్నది అతని పద్ధతి, దానికీ హదీసు, అంటే ప్రవక్త గారి కాలం నాటి ఉల్లేఖన, ఉంది. కానీ నాకు కాళ్ళు ముట్టుకుంటే చక్కిలిగింత! అంగుళం లోపలికి జరిగాను. వేలు కూడా అంగుళం జరిగింది. ఇంకాస్త జరిగాను, వెంటే వచ్చింది. చివరికి నా మడమలు రెండూ అతుక్కుపోయాయి, అతని కాళ్ళు మాత్రం కాలవ దాటేవాడిలా బార్లా చాపి ఉన్నాయి. ఇమాం సాబ్ చూస్తే ఖురాన్‌లోని పొడుగు సూరా ఎత్తుకున్నారు. నమాజులో నవ్వకూడదని అందరికీ తెలుసు. హనఫీలకి ఇంకో మెలిక ఉంది. పక్కవాడికి వినబడేలా పకపకా నవ్వితే నమాజే కాదు, వుజూ కూడా పోతుంది. మళ్ళీ కుళాయి దగ్గరికి పోవాల్సిందే. పెదవి కొరుక్కుని కరెంటు బిల్లు తలుచుకున్నాను. సరిపోలేదు. బామ్మర్దికిచ్చిన అప్పు తలుచుకున్నాక గానీ నవ్వు ఆగలేదు.

సాష్టాంగపడే సజ్దాలో ఏడు అవయవాలు నేలకు ఆనాలి: ముక్కుతో కలిపి నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదాల వేళ్ళు. నాకు ఎనిమిదోది కూడా తగిలింది. కుర్రాడి మోచెయ్యి, నా డొక్కలో.

నిలబడి, రుకూలో నడుం వంచి, సజ్దా చేస్తే ఒక రకాతు. రెండు రకాతుల తర్వాత ఖాయిదా, అంటే కూర్చోవడం. ఎడమ పాదం పరిచి దానిమీద కూర్చోవాలి, కుడి పాదం నిలబెట్టి వేళ్ళు కాబా దిక్కు, అంటే ఖిబ్లా వైపు మడవాలి. పక్కన చిచ్చా ఉన్నాడు కదా, ఒక్క వేలు కూడా దారి తప్పకుండా మడిచాను. "అల్లాహు అక్బర్" అనగానే అందరూ లేచారు. నా ఎడమ కాలు లేవలేదు. తిమ్మిరెక్కి, అది నాదో కార్పెట్‌దో కూడా తెలియడం లేదు. సగం లేచి, నిలువునా చిచ్చా మీద వాలిపోయాను. ఆయన టోపీ ముందు సఫ్‌లో ఎవరి మడమల దగ్గరో పడింది.

మెడ అటూ ఇటూ తిప్పి సలాం చెప్పి నమాజు ముగించాక కుర్రాడిని చిచ్చా ఒక్క మాట అనలేదు. ఎందుకంటాడు, మొన్ననే మసీదుకి రెండు ఫ్యాన్లు ఇచ్చాడాయె! నా వైపు తిరిగి, జాలిగా మోకాలు తట్టి, వెనక ముసలాళ్ళ కోసం వేసిన కుర్చీల్లో ఒకటి తెప్పించి, నలుగురి ముందూ నన్ను కూర్చోబెట్టాడు.

"రేపట్నుంచి దీంట్లో కూర్చుని నమాజు చదువుకో బేటా" అన్నాడు. "రుకూకి కొంచెం వంగు, సజ్దాకి అంతకంటే ఎక్కువ వంగాలి. ఏదీ, వంగు చూద్దాం."