సవరణ: ఎద్దు హక్కుల గురించి నేను రాసినదానిలో రెండు తప్పులు

2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఎద్దుకు ప్రాథమిక హక్కులు వచ్చాయనీ, ఇక అది రైతు ఆస్తి కాదనీ మొన్న రాశాను. రెండూ సరికాదు.

రాజ్యాంగం 21వ అధికరణంలోని 'ప్రాణం' అన్న మాటను ఆ తీర్పు జంతువులకూ విస్తరించిన మాట నిజమే. కానీ 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయనడానికి మన దగ్గర పూర్వ ఆధారం లేదంది. జల్లికట్టుకు వీలు కల్పించిన తమిళనాడు సవరణ చట్టాన్నీ సమర్థించింది. ఇది చూసుకోకుండా రాసినందుకు క్షమించండి.

ఇక ఆస్తి సంగతి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే 'యజమాని' అంటుంది. గొడ్డును కొనవచ్చు, అమ్మవచ్చు. అయితే సొంత గొడ్డే కదా అని చావగొట్టడానికి, మేతా నీళ్లూ పెట్టకుండా మాడ్చడానికి లేదు. అలా చేస్తే నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు! నన్ను బాధపెట్టేది ఇదే.

సంక్రాంతి కోడిపందేలకూ 2023 తీర్పు అనుమతి ఇచ్చినట్టేనా అని ఒకరు అడిగారు. లేదు. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 చట్టం 11వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరమే.