సబ్సిడీ టికెట్‌కా, ట్రిప్పుకా?

రవాణా సంస్థల లెక్కలు బయటికొచ్చినప్పుడల్లా వినిపించే మాట నష్టం. రోడ్డు వేస్తే నష్టం ఎంతొచ్చిందని ఎవరూ అడగరు. ఆ రోడ్డు మీద సగం ఖాళీగా బస్సు పోతే మాత్రం ప్రజాధనం దండగ అంటారు. సబ్సిడీ ఇవ్వాలా వద్దా అన్న వాదన నాకు విసుగు. ఇచ్చిన డబ్బుతో ఏం కొంటున్నామన్నది చూడాలి.

రాత్రి పదింటి ఆఖరి బస్సునే తీసుకోండి. ఎక్కేది నలుగురైదుగురు. అందులో ఒకామె షిఫ్టు దిగిన నర్సు. కలెక్షన్ డీజిల్‌కి కూడా చాలదు. ఆ ట్రిప్పు ఎత్తేస్తే కాగితం మీద నష్టం తగ్గుతుంది. కానీ తిరిగి రావడానికి బస్సు లేనప్పుడు ఆమె మధ్యాహ్నం వెళ్లేటప్పుడు మాత్రం ఎందుకెక్కుతుంది? అప్పో సప్పో చేసి స్కూటీ కొనుక్కుంటుంది. ఇక మధ్యాహ్నం ట్రిప్పులోనూ ఒక సీటు ఖాళీ. వచ్చే ఏడాది సమీక్షలో దాని వంతు.

ఇదే లెక్క తిరగేసి చూడండి. గంటకు రెండు బస్సులుంటే స్టాపులో సగటున పావుగంట నిలబడాలి. నాలుగుంటే ఏడెనిమిది నిమిషాలు చాలు. జనం పెరిగి ట్రిప్పులు పెరిగితే పాత ప్రయాణికులకూ వెయిటింగ్ తగ్గుతుంది. కార్లు పెరిగితే మాత్రం ట్రాఫిక్ జామే. హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లో బస్సు సబ్సిడీని సమర్థించింది ఈ లెక్కతోనే. జాలితో పనిలేని వాదన అది.

మరి ఉచిత ప్రయాణం? ఎస్తోనియా రాజధాని టాలిన్ 2013లో నగరవాసులకు టికెట్ తీసేసింది. బస్సెక్కేవాళ్లు కొంత పెరిగారు, కార్లు మాత్రం తగ్గలేదు. అంతకుముందు నడిచి వెళ్లిన దూరాలకూ కొందరు బస్సెక్కారు. బెల్జియంలోని హాసెల్ట్ 1997లో ఉచితం చేసినప్పుడు ప్రయాణికులు ఎన్నో రెట్లు పెరిగారు. అక్కడ టికెట్ తీసేయడంతో పాటు రూట్లు, బస్సులు కూడా పెంచారు. ఈ రెండో ముక్క చెప్పేవాళ్లు తక్కువ. చివరికి ఖర్చు భరించలేక 2013లో ఆ పథకాన్ని ఆపేశారు.

చేతిలో సొంత డబ్బు ఆడనివాళ్లకు ఉచిత టికెట్ చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. నా భయమల్లా ఆ తర్వాత జరిగేదాని గురించి. టికెట్ సొమ్ము రోజూ చేతికొస్తుంది. ప్రభుత్వం చెల్లిస్తానన్న బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. అది ఆలస్యమైతే ముందు ఆగేవి కొత్త బస్సులు, స్పేర్ పార్టులు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ చేసే ఉచిత ప్రయాణం ఎవరికి కావాలి?

రైళ్లలో ఈ సబ్సిడీ చాలాసార్లు కంటికి కనపడదు. భారతీయ రైల్వేలో ప్రయాణికుల నష్టాన్ని సరుకు రవాణా ఆదాయం పూడుస్తుంది. అందుకని సరుకు ఛార్జీలు పెంచితే ఆ లోడు లారీలకు పోతుంది.

ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. 1971లో పారిస్ ప్రాంతంతో మొదలుపెట్టి, కంపెనీలు కట్టే జీతాల మీద రవాణా పన్ను వేసింది. సిబ్బంది వేళకు పనికి చేరితే లాభపడేది ఆ యజమానులే కదా! ఆ సొమ్ము రవాణాకే కేటాయించింది కాబట్టి, ప్రతి బడ్జెట్‌కీ ప్రభుత్వం దయ కోసం చూడక్కర్లేదు.