సున్నం లేచిందా?

గోదావరి జిల్లాల్లో క్లబ్బు అంటే ముందు పేక, ఆ తర్వాతే టెన్నిస్. పాలకొల్లు పక్కన మా ఊరి క్లబ్బు కూడా అలాంటిదే. హాల్లో ఎప్పుడు చూసినా రమ్మీ నడుస్తూ ఉండేది. వెనక కొబ్బరిచెట్ల మధ్య ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు. రైసు మిల్లు యజమాని, ప్లీడరు గారు, డాక్టరు గారు, కాలవల ఇంజనీరు గారు సాయంత్రం అయిదింటికి తెల్ల నిక్కర్లతో దిగేవారు. మాది ఒండ్రునేల. వానకు జిగురు, ఎండకు బీటలు. అందుకని మెట్ట నుంచి లారీల్లో ఎర్రమట్టి తెప్పించి, రోలరుతో అణిచి కోర్టు చేయించారు. గీతలు మాత్రం గుల్లసున్నంతో పోసేవారు.

పోసేది మార్కరు. ఇక్కడ అమెరికాలో పుట్టిన మన పిల్లలు ఈ మాట విని ఉండరు. పొద్దున్నే కోర్టు తడిపి, రోలరు లాగి, తాడు కట్టి సున్నం పోసి, సాయంత్రం ఎవరికి జోడీ తక్కువైతే వారి పక్కన నిలబడి ఆడే ఉద్యోగి ఆయన. మా మార్కరుకు సభ్యులందరికంటే ఆట బాగా వచ్చు. ఆ మాట పైకి ఎవరూ అనేవారు కాదు, ఆయనతో సహా.

1981లో నాకు పన్నెండేళ్లు. నా పని బంతులు ఏరడం. ఒక సాయంత్రం మిల్లు యజమాని కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది. ప్లీడరు గారు అవుట్ అని వేలు పైకెత్తారు. మిల్లు యజమాని వల దాకా నడిచి వచ్చారు. అయిదు నిమిషాలు వాదన సాగింది. హాల్లోంచి ఇద్దరు పేకముక్కలు చేతిలోనే పట్టుకుని చూడటానికి వచ్చారు. చివరికి మార్కరును పిలిచారు. ఆయన నీళ్ల గొట్టం పక్కన పెట్టి, తీరిగ్గా వచ్చి గొంతుక్కూర్చుని, మట్టిలో బంతి పడ్డ మచ్చ చుట్టూ వేలితో సున్నా చుట్టాడు. “సున్నం లేచిందండి” అన్నాడు. బంతి గీతను తాకిందని అర్థం. తణుకు కోర్టులో గంటలు గంటలు వాదించే ప్లీడరు గారు మారుమాట లేకుండా వెళ్లి తర్వాతి సర్వీసుకు నిలబడ్డారు.

అదే ఏడాది వింబుల్డన్ మొదటి రౌండులో టామ్ గలిక్సన్‌తో ఆడుతూ జాన్ మెకెన్రో అంపైర్ ఎడ్వర్డ్ జేమ్స్ మీద విరుచుకుపడ్డాడు. నిజంగానే అంటున్నారా అని అరిచిన ఆ ఒక్క వాక్యం ప్రపంచమంతా పాకింది. చాలా ఏళ్ల తర్వాత ఆ వీడియో చూసినప్పుడు నన్ను పట్టుకున్నది మాత్రం దాని తర్వాత వచ్చిన మాట. బంతి గీత మీద పడింది, సుద్ద లేచింది అన్నాడు మెకెన్రో. మా మార్కరు మాటే. కాకపోతే ఈయన గొంతు పెంచలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, పోయిన వేసవిలో ఇక్కడి మన తెలుగు సంఘం పిల్లల టెన్నిస్ పోటీలు చూశాను. కంచె చుట్టూ తల్లిదండ్రులు, ప్రతి చేతిలో ఫోను. పదకొండేళ్ల అమ్మాయి బంతి అవుట్ అని చెప్పగానే, అవతలి అబ్బాయి తండ్రి వీడియో నెమ్మదిగా తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. వచ్చే ఏడాది కోర్టు నాలుగు మూలలా కెమెరాలు పెట్టిద్దామని కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చిందట. దాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. యంత్రాలంటే పడని పాతకాలపు మనిషినని మాత్రం అనుకోవద్దు. నా జీతమే కంప్యూటర్ల మీద.

యంత్రం ఊరికే రాలేదు. 2004 యు.ఎస్. ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో సెరీనా విలియమ్స్, జెన్నిఫర్ కాప్రియాటీ తలపడ్డారు. మూడో సెట్లో సెరీనా కొట్టిన బ్యాక్ హ్యాండ్ గీతకు బాగా లోపల పడింది. లైన్ జడ్జి మంచిదే అన్నా, చైర్ అంపైర్ దాన్ని కొట్టేసి అవుట్ ఇచ్చింది. టీవీలో చూసినవాళ్లందరికీ బంతి ఎక్కడ పడిందో కనబడింది, కుర్చీలో ఉన్నావిడకు తప్ప. ఆ మ్యాచ్ సెరీనా ఓడిపోయింది. ఆ గొడవ ఊపులోనే రెండేళ్లకు, 2006లో, హాక్ ఐ సవాళ్లు, అంటే అంపైర్ మాట నచ్చకపోతే బంతి ఎక్కడ పడిందో కెమెరాల లెక్కతో చూడమని ఆటగాళ్లు అడిగే పద్ధతి, యు.ఎస్. ఓపెన్‌లోకి వచ్చాయి. నల్లజాతి అమ్మాయి కోపగిస్తే అది పొగరు, మెకెన్రో కోపగిస్తే అది వినోదం అన్నట్టు చూసిన రోజులవి. ఎవరి గొంతైతే అంపైర్ చెవికి ఎక్కదో వారికి యంత్రం అండ. ఆ మేరకు దానికి దండం పెడతాను.

మా డెల్టాలో దీన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. చేను గట్టు ఏడాదికి రెండు వేళ్లు చొప్పున పారతో చెక్కేసే పొరుగువాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఒకనాడు సర్వేయరు గొలుసు తెచ్చేవాడు. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేతో డ్రోన్లు వచ్చాయి. హద్దు ఎక్కడో ఇప్పుడు అంగుళాలతో సహా తెలుస్తుంది. అయినా మా పెదనాన్న గారి అబ్బాయికీ పక్క చేను ఆసామికీ మాటల్లేవు. హద్దు తేలింది కానీ చెక్కిన చెయ్యి ఎవరిదో ఆ చేతి మనిషి చెప్పలేదు కదా.

పైగా యంత్రానికీ ఒక మీట ఉంటుంది, ఆ మీట దగ్గర ఒక మనిషి ఉంటాడు. 2025లో వింబుల్డన్ లైన్ జడ్జీలను పూర్తిగా పక్కన పెట్టింది. అదే పోటీలో అనస్తాసియా పావ్లుచెంకోవా, సోనయ్ కార్తాల్ ఆడుతున్నారు. మొదటి సెట్టు 4-4. ఒక్క పాయింటు వస్తే గేమ్ పావ్లుచెంకోవాది. కార్తాల్ కొట్టిన బంతి గీత దాటి పడింది. యంత్రం పలకలేదు. కోర్టులో ఆ వైపు దాన్ని ఎవరో పొరపాటున ఆపేశారని తర్వాత తేలింది. అంపైర్ కుర్చీలో కూర్చుని, రెండు కళ్లతో చూస్తూ కూడా, పాయింటు మళ్లీ ఆడమన్నాడు. ఆ గేమ్ పావ్లుచెంకోవా పోగొట్టుకుంది, మ్యాచ్ మాత్రం గెలిచింది. నాకు బాధ కలిగించింది యంత్రం ఆగడం కాదు. కళ్లున్న మనిషి తన చూపును తానే నమ్మలేని స్థితికి రావడం.

1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీ ఫైనల్ నాకు మరీ ఇష్టం. స్వీడన్ కుర్రాడు మాట్స్ విలాండర్‌కు పదిహేడేళ్లు, సీడింగ్, అంటే పోటీలో ముందు వరస ఆటగాళ్ల జాబితాలో చోటు, కూడా లేదు. అవతల అర్జెంటీనాకు చెందిన హోసే లూయిస్ క్లెర్క్. మ్యాచ్ పాయింటు మీద క్లెర్క్ కొట్టిన బంతి అవుట్ అన్నారు. ఆట అయిపోయింది, అంపైర్ ఫలితం చెప్పేశాడు. విలాండర్ కుర్చీ దగ్గరికి వెళ్లి, బంతి మంచిదే, ఇలా గెలవడం తన వల్ల కాదు, పాయింటు మళ్లీ ఆడతామని అడిగాడు. ఆడారు. అది కూడా విలాండర్‌దే అయింది. ఫైనల్లో గిల్లెర్మో విలాస్‌ను ఓడించి కప్పు ఎత్తుకున్నాడు కాబట్టి ఇదొక తీపి కథగా మిగిలింది.

చేదు కథ ఆండీ రాడిక్‌ది. 2005లో రోమ్‌లో ఫెర్నాండో వెర్డాస్కో మీద మ్యాచ్ పాయింటు. వెర్డాస్కో రెండో సర్వీసు అవుట్ అన్నారు. డబుల్ ఫాల్ట్, రాడిక్ గెలిచినట్టే. రాడిక్ ఎర్రమట్టి మీద మచ్చ చూపించి బంతి గీతను తాకిందన్నాడు. ఆట సాగింది, చివరికి రాడిక్ ఓడిపోయాడు. ప్రైజు మనీ పోయింది, ర్యాంకింగ్ పాయింట్లు పోయాయి. అతడు గెలిచిన చాలా మ్యాచ్‌ల స్కోర్లు నాకు గుర్తు లేవు. ఓడిన ఈ మ్యాచ్ గుర్తుంది. అక్కడ కెమెరాలే ఉండి ఉంటే సర్వీసు మంచిదని రెండు క్షణాల్లో తేలేది, రాడిక్ నోరు విప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

చేతిదాకా వచ్చినదాన్ని వదులుకోవడంలో మన దేశానిది ఇంకా పెద్ద కథ. 1974లో విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులున్న జట్టు ఆస్ట్రేలియాను, సోవియట్ యూనియన్‌ను ఓడించి, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్ చేరింది. ఎదురుగా దక్షిణాఫ్రికా. జాతి వివక్ష పాటించే దేశంతో ఆడబోమని భారత్ తప్పుకుంది. ఆడకుండానే కప్పు వాళ్లకు పోయింది. మా క్లబ్బులో ఏళ్ల తరబడి దీని మీద తగవే. డాక్టరు గారు గర్వపడేవారు. ప్లీడరు గారు మాత్రం, “త్యాగం ఢిల్లీది, కప్పు కుర్రాళ్లది. ఇతరుల సొమ్ముతో దానం చేయడం ఎంతసేపండీ” అనేవారు. ఆడకపోవడమే ఒప్పని నేను నమ్ముతాను. కానీ ప్లీడరు గారి మాటకు సరైన జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. తన పాయింటు తాను వదులుకోవడం వేరు, ఇంకొకరు వదిలించడం వేరు.

ఇక నా సంగతి. పద్నాలుగేళ్లప్పుడు డాక్టరు గారి అబ్బాయితో ఆడుతూ, పక్క గీత మీద పడిన బంతిని అవుట్ అన్నాను. సున్నం లేవడం నా కళ్లతో చూశాను. స్కోరు అలా ఉంది మరి. అవతలి వాడు అనుమానించకుండా తలూపాడు. మార్కరు కంచె పక్కన గొట్టం చుట్టుకుంటున్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి సున్నం పోస్తున్నాడు. ఆ చోటికి రాగానే ఆగి, జానెడు మేర రెండోసారి పోశాడు, మూడోసారి కూడా. తలెత్తకుండానే, “ఇక్కడ గీత బాబుగారికి సరిగ్గా ఆనడం లేదనుకుంటానండి” అన్నాడు. గోదావరి వెటకారం ఎంత మెత్తగా దిగుతుందో తెలిసినవాళ్లకు తెలుసు. మిగతా గీత అంతా సన్నగా, ఆ జానెడు మాత్రం గోడకు పూసినట్టు తెల్లగా, మళ్లీ వాన పడేదాకా అలాగే ఉంది. రోజూ దాన్ని చూస్తూ ఆడాను.

మొన్న సంక్రాంతికి వెళ్తే అక్కడ ఎర్రమట్టి లేదు, సిమెంటు పోసేశారు. దాని మీద షటిల్ గీతలు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ప్రపంచాన్ని గెలిచి వచ్చాక పిల్లలందరూ అటే వెళుతున్నారు. తప్పు పట్టను. పేక మాత్రం అలాగే ఉంది.

అమెరికాలో పిల్లల టెన్నిస్‌కు ఒక మంచి పద్ధతి ఉంది. మామూలు పోటీల్లో తమ వైపు పడిన బంతిని పిల్లలే చెప్పుకోవాలి. అనుమానం వస్తే ఆ పాయింటు ఎదుటివారిది. వింబుల్డన్‌లో లక్షల డాలర్లు ఆడుతున్నాయి, అక్కడ యంత్రం ఉండనివ్వండి. పది డాలర్ల ప్లాస్టిక్ కప్పు కోసం ఆడే పిల్లలకు ఈ పద్ధతి చాలు. వాళ్లు తప్పు చెబుతారు, కొందరు కావాలనే చెబుతారు. నేను చెప్పలేదా?

కాబట్టి కమిటీకి నా విన్నపం: కెమెరాల డబ్బు మిగిలించండి. ఈసారి పకోడీల స్టాలు కోర్టులు కనబడనంత దూరంలో, పార్కింగు అవతల పెడదాం. తల్లిదండ్రులు అక్కడే ఉందాం. శనగపిండి కలిపే పని నాది. ఫోన్లు వేయడానికి ఊరి నుంచి తాటాకు బుట్ట ఒకటి తెచ్చాను, చాలా పెద్దది.